దుర్గంచెఱువు గట్టున గాలపుకోలలు

భాగ్యనగరము చూడవచ్చిన మన సోదరీమణులకు చార్మినారు, గోలకొండ చూచిన పిమ్మట మిగులు కోరిక సాధారణముగా నొక్కటియే. జూబిలీహిల్సు, ఫిలింనగరు వీథులలో తిరిగి, తెఱమీద మాత్రమే చూచిన ముఖము నొకదానినైనను నేలమీద చూడవలెనని. నే నెఱిగినంతవఱకు ఈ కోరిక తీరినవారు అరుదు. అచ్చట కానవచ్చునవి ఎత్తైన ప్రహరీగోడలు, వానిపై వ్రేలాడు కాగితపుపూల తీగెలు, మూసిన యినుపతలుపులు, వాని ముందు కుర్చీలో కునుకుచున్న కావలివాడు. వీనికై అంతదూరము పోనక్కఱలేదు. కాని యా కొండలదారినే మఱికొంత పడమటికి పోయినచో ఒక చెఱువు కలదు. నేను మీకు చూపదలచినది ఆ చెఱువును, దానివంటి చెఱువుల గట్లపై గాలపుకోలలు పట్టి కూర్చుండువారిని.

ముందుగా ఈ కొండల సంగతి రెండు మాటలు. ఈ పేటలు పుట్టి ఎంతోకాలము కాలేదు. 1960 తరువాతనే యిచ్చట గృహనిర్మాణ సహకార సంఘ మేర్పడి స్థలములు పంచిపెట్టెను. అంతకుముందు ఇది పొదలును, సీతాఫలపు చెట్లును, ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న పెద్దపెద్ద గుండ్లును తప్ప మఱేమియు లేని చోటు. ఆ గుండ్ల వయస్సు రెండువందల యేబది కోట్ల సంవత్సరముల ప్రాంతమని భూగర్భశాస్త్రజ్ఞు లందురు. చెన్నపట్టణమున పెరిగిన తెలుగు సినిమా మెల్లమెల్లగా ఇచ్చటికి తరలివచ్చెను. అక్కినేని నాగేశ్వరరావుగారు గుట్టలు చదును చేయించి కట్టించిన అన్నపూర్ణ స్టూడియో 1976లో ఆరంభమయ్యెను. ఆ వెనుక పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వచ్చినవి; ఫిలింఛాంబరు వచ్చినది; దైవసన్నిధాన మను పేర దేవాలయముల సముదాయమును వెలసినది. గుండ్లు పగులగొట్టి మేడలు కట్టిరి. మిగిలినదానిలో కొంతభాగము 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనమై నిలిచినది గనుక నెమలి కూత నేటికిని ఆ వీథులలో వినవచ్చును.

జూబిలీహిల్సులో 45వ నంబరు వీథి పట్టుకొని పోయినచో రెండు గుట్టల నడుమ దుర్గంచెఱువు కనబడును. గోలకొండ దుర్గమునకు కుతుబ్షాహీల కాలమున ఇచ్చటినుండియే మంచినీరు పోయెడిదని చెప్పుదురు. ఆ పేరును అందుచేతనే వచ్చినదట. చుట్టును గుండ్లు కప్పియుండుటచే చాలకాలము దీనిని రహస్యపు చెఱువనియు పిలిచిరి. ఇప్పుడు రహస్య మేమియు లేదు. 2020 సెప్టెంబరు 25వ తేదీన దీనిమీద తీగెలవంతెన తెఱచిరి. సాయంకాలమున దానికి రంగురంగుల దీపములు వెలిగింతురు. జనము వంతెనపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొందురు. నా కైతే తెల్లవాఱుజామున దీనిని చూచుట యిష్టము. అప్పుడు నీటికాకులు గుండ్లపై రెక్కలు చాచి ఆరబెట్టుకొనుచుండును. కొంగ యొకటి తపస్సు చేయుచుండును. తీరమున నొకరిద్దఱు మనుష్యులును కొంగవలెనే కదలక కూర్చుండుట చూచితిని. వారి చేతిలో కోల, నీటిలో బెండు, ప్రక్కన ఎఱడబ్బా.

వీరు జాలరులు కారు. వేడుకకు చేపలు పట్టువారు. ఈ వేడుక నగరమున నానాటికి పెరుగుచున్నది. మా తోడికోడలి కుమారుడు ఫిలింనగరులో సహాయదర్శకుడు. షూటింగు లేని దినమున వాడును, వాని స్నేహితులును సూర్యుడు పొడవకమునుపే బయలుదేరి ఊరిబయటి చెఱువులకు పోవుదురు. రాత్రింబవళ్లు కేకలు, దీపముల వేడిమి, త్వరత్వర యను మాటల నడుమ బ్రదుకువారికి బెండు కదలుటకై రెండుగంటలు మౌనముగా కూర్చుండుట ఎంత విశ్రాంతియో నే నూహింపగలను. దానిని నేను తప్పు పట్టను. మత్స్యము వండని యింటిదానికి ఈ విచారమేల యని మీరడుగవచ్చును. చేపను తినకపోయినను చెఱువు నీరు త్రాగిన కుటుంబమే మాది.

ఒకనాడు వానితో ఈ మాట వచ్చెను. “చంపం గదా పెద్దమ్మా! పడతాం, ఒక ఫొటో తీసుకుంటాం, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాం. ఆటే గదా!” అని వాడనెను.

“ఆ చెఱువు ఎవరిదిరా నాయనా?” అంటిని.

“చెఱువు ఎవరిదేమిటి పెద్దమ్మా? ఊరిది.”

చదువుకొన్న పిల్లలు పెక్కుమంది ఇట్లే యనుకొందురు. నీరు ఊరిదే కాని, చేపల సంగతి వేఱు. తెలంగాణములో చెఱువులలో చేపలు పట్టు హక్కు సాధారణముగా ఆ యూరి మత్స్యకారుల సహకార సంఘమునకు ఉండును. గంగపుత్రులు, ముదిరాజులు మొదలగువారు ఇందు సభ్యులు. చేపలశాఖవారు వీరికి చెఱువును కౌలునకిత్తురు.

ఇందు మనము తెలియవలసిన ప్రకృతి రహస్య మొకటి కలదు. బొచ్చె, రోహు, ఎఱ్ఱమోసు అను పెద్ద జాతుల చేపలు నిలిచిన నీటిలో గ్రుడ్లు పెట్టవు. వానకాలపు ప్రవాహమున, నదిలో, ఎదురీదుచు పెట్టునవి. కావున చెఱువులోని బొచ్చె అచ్చట పుట్టినది కాదు. ఎక్కడనో పుట్టించి, పెంచి, డబ్బాలలో తెచ్చి, ఎవరో విడిచినదే. 1957 జూలై 10వ తేదీన హీరాలాల్ చౌధురిగారు కటకములో ఈ జాతి చేపలకు మఱియొక చేప యొక్క పిట్యూటరీ గ్రంథి రసము సూదిమందుగా నిచ్చి నిలువనీటిలో గ్రుడ్లు పెట్టించిరి. ఆ దినమునే దేశమంతట చేపలరైతుల దినముగా జరుపుచున్నారు. ఆ విద్య వచ్చినపిదపనే మన చెఱువులకు పిల్లలు సమృద్ధిగా దొరకినవి. 2016 నుండి తెలంగాణ ప్రభుత్వము వానకాలమున కోట్లకొలది చేపపిల్లలను చెఱువులలో విడిపించెను. గట్టున కూర్చున్న మా వానికి తగిలిన రోహు ఏ తల్లి బిడ్డయో గాని, అది పెరిగి తూకమునకు వచ్చునని యెదురుచూచు కుటుంబములు కొన్ని యా యూరిలోనే యున్నవి. ప్రక్కవాని చేనిలో కంకి త్రుంచి, మరల నిలువబెట్టివచ్చితినన్నచో ఆ రైతు ఒప్పుకొనునా?

ఈ మాట చెప్పినపిదప మా వాడు ముందుగా సంఘపు పెద్దను కలసికొని, అడిగినది యిచ్చి, చెప్పిన దిక్కున మాత్రమే కూర్చుండుట మొదలుపెట్టెను. ఆ పెద్ద వీనికి ఎఱ కట్టుటలో నేర్పిన మెలకువలు ఏ దుకాణములోను దొరకవట.

రోహు సంగతి యిది. కొర్రమీను కథ వేఱు. నిజమునకు నేనీ వ్యాసమునకు పూనుకొన్నది దానికొఱకే. తెలంగాణమునకు రాష్ట్రపు చేప యిది. దీనికి నది అక్కఱలేదు. చెఱువు అంచున గఱిక, తామర, తూడు ఉన్నచోటనే గృహస్థాశ్రమము. తొలకరి పడగానే ఆడుమగలు కలసి మొక్కలు త్రోసి, నీటిపై గుండ్రని చోటు శుభ్రము చేసికొనును. గ్రుడ్లు పచ్చని పూసలవలె నీటిపై తేలుచుండును. వానిని విడువక కావలికాయుట, ముఖ్యముగా మగచేప, ఈ జాతి ధర్మము. ఒకటిరెండు దినములలో పిల్లలు వెలువడును. కొంతకాలమునకు అవి కాషాయపు చాయ గల ఎఱుపు తిరిగి, వందలకొలది యొక్కగుంపుగా నీటిపైకి వచ్చి, గాలి పీల్చి, మరల మునుగుచుండును. దూరమునుండి చూచువారికి నీటిపై కుంకుమ చల్లినట్లుండును. ఆ కుంకుమకు సరిగా క్రిందుగా, కనబడక, పెద్దచేప తిరుగుచుండును. కొన్ని వారములపాటు ఇట్లే. కప్ప వచ్చినను, పాము వచ్చినను, తనకంటె పెద్దచేప వచ్చినను, మీద పడి కఱచును.

ఈ మాతాపితృవాత్సల్యమే దానికి మృత్యువగుచున్నది. గాలమువేయువారిలో కొందఱు ఈ యెఱ్ఱని గుంపును వెదకి, దానినడుమనే ఎఱ విసరుదురు. ఆ చేపకు ఆకలిలేదు. పిల్లలపై ఏదో పడెనని కఱచును, కఱచి చిక్కును. ఇంతకంటె సులువైన వేట లేదు. దానిని పట్టి, మీసము దువ్వి, ఛాయాచిత్రము తీయించుకొనునంతలో కావలిలేని పిల్లలను చుట్టుప్రక్కల చేపలును పక్షులును తినివేయును. ఒక్క గాలము; వందల ప్రాణములు. “వదిలేస్తాం గదా” యను మాట ఇచ్చట చెల్లదు. విడిచినను అది వచ్చి చేరునప్పటికి గూటిలో ఎవరుందురు?

కావున వేడుకకు వచ్చువారు పాటింపవలసిన మొదటి నియమ మిది: వానకాలమున పిల్లల గుంపున్నచోట గాలము వేయరాదు. సముద్రతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిలిపివేయుట మన కోస్తాసోదరీమణు లెఱుగుదురు. ఆ రెండునెలలు జాలరి యిల్లు ఎట్లు గడచునో వారికే తెలియును. కడుపుకై వేటాడువాడు రెండునెలలు పస్తుండగలిగినప్పుడు వినోదమునకై వచ్చినవాడు కొన్ని వారములు కోల మూలపెట్టలేడా? ఇంగ్లండులో నదులమీద మార్చి 15 మొదలు జూన్ 15 వఱకు గాలపు వేడుక నిషేధము. కోల పట్టుటకు లైసెన్సు సయితము కొనవలెను. అక్కడివారు దానిని అవమానముగా తలపరు.

మన సంగతి విచిత్రము. సరిగా జూన్ నెలలో మృగశిరకార్తె వచ్చును. ఆనాడు చేప తినవలెనని నగరమంతయు బజారున పడును. ఉబ్బసమునకై చేపమందు మ్రింగుటకు నాంపల్లి ప్రదర్శనశాల మైదానమున వేలజనము బారులు తీరుదురు. ఆ మందు పెట్టి మ్రింగించునదియు కొర్రమీను పిల్లతోనే. నమ్మకములను విమర్శించుట నా పని కాదు. ఆ పిల్లలు పెంపకపు గుంటలనుండి వచ్చును. కాని కార్తెనాడు బుట్టలోని కొర్రమీను కడుపు నిండుగా గ్రుడ్లతో నున్నచో, బేరమాడు గృహిణికి అది తెలియకపోదు. దానిని గొప్పగా కొనువారు కలరు. అట్టి చేప వలదని, పెంపకపు చేపను కోరి తీసికొనునట్టి గృహిణులును కలరు. బజారు ఎవరి మాట వినునో మీకు తెలియును.

ఇవి క్రొత్తనాగరికుల నియమములని కొందఱందురు. మన గ్రంథములు చూచినవా రట్లనరు. కల్యాణమున రాజ్యమేలిన పశ్చిమచాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున సంస్కృతమున మానసోల్లాసమును రచించెను. అందు రాజవినోదములలో మత్స్యవినోదమునకు ప్రత్యేకముగా చోటిచ్చెను. ఏ జాతి చేపకు ఏ యెఱ వేయవలెను, దారమెట్టిది, కోల యెట్టిది యని యాయన వివరించిన తీరు చూచినచో స్వయముగా గట్టున కూర్చున్నవాడే యని తోచును. మా మఱదిగారి కుమారునికి చదివి వినిపింపగా “ఈయన మనవాడే పెద్దమ్మా!” అని సంబరపడెను. అంతకు పదునాలుగువందల యేండ్లకు పూర్వము అశోకుడు స్తంభముపై చెక్కించిన యయిదవ శాసనమున చాతుర్మాస్యపు పున్నములందును, మఱికొన్ని పర్వదినములందును చేపలను చంపరాదు, అమ్మరాదు అని కట్టడి చేసెను. ఆ పున్నములలో ఆషాఢపు పున్నమ వానకాలపు మొదటిది. కౌటిల్యుడును అభయమిచ్చిన చోట్ల చేపలను చంపినవారికి దండనము విధించెను.

ఇక చిన్నచేపను విడిచిపెట్టుమను నియమము మత్స్యావతారకథ వలెనే యున్నది. దోసిటిలోనికి వచ్చిన పిల్లచేప, పెద్దవి తినివేయును, కాపాడుమని వేడినప్పుడు సత్యవ్రతుడు దానిని కమండలువులో వేసికొనెను గదా. మన గాలగాండ్రకు కమండలువు అక్కఱలేదు. పెద్దదిగానిదానిని ఉన్నచోటనే విడిచిన చాలును. శాకుంతలములో ఉంగరము దొరకినది రోహితపు కడుపులో, అనగా మన రోహులోనే. కావలివారు ఎగతాళి చేసినప్పుడు ఆ జాలరి తన కులవృత్తిని గూర్చి తల యెత్తుకొని సమాధానము చెప్పును. ఆ ఘట్టము చదివినప్పుడెల్ల నాకు చెఱువు సంఘముల పెద్దలు జ్ఞప్తికి వత్తురు.

ఫిలింనగరువారికి ఈ విషయమున వేఱుగా బోధ చేయనక్కఱలేదు. సినిమాలో ఎద్దునుగాని, కుక్కనుగాని, చిలుకనుగాని చూపవలెనన్నచో 2001 నాటి ప్రదర్శనజంతువుల నమోదు నియమముల ననుసరించి జంతుసంక్షేమ మండలివారి యనుమతి పొందవలెను. అది లేక సెన్సారువారు చిత్రమును కదలనీయరు. ఏ ప్రాణికిని హాని చేయలేదను మాట చిత్రారంభమున తెఱపై వేయుదురు; మీరును చదివియుందురు. మొదట విసుగుకొన్న నిర్మాతలే ఇప్పుడు కథ వ్రాయునప్పుడే దానిని ఆలోచింతురని మా వాడు చెప్పెను. తెఱమీద ఇంత శ్రద్ధ చేసినవారు సెలవునాటి చెఱువుగట్టున దానిని మఱచుట వింతగా నుండును.

శాసనము సంగతియు చెప్పవలెను. బ్రిటిషువారి యేలుబడిలో 1897 నాటి చేపల చట్టము నీటిలో మందుగుండు ప్రేల్చి గాని, విషము కలిపి గాని చేపలు పట్టుటను నేరము చేసెను. అది నైజాము రాజ్యమునకు చెల్లలేదు. ఇచ్చట 1357 ఫసలీలో, అనగా 1947-48లో, వేఱుగా చట్టము వచ్చెను. జాతీయవనములలో నైతే గాలము ముట్టుటయే నేరము. వేడుకవారు మందుగుండు వాడరని నాకు తెలియును. వారు చేయు హాని చిన్నది, కంటికి కనబడనిది. చిక్కుపడిన నైలాను దారమును త్రెంచి పొదలో పాఱవేయుదురు. అది కుళ్లదు, నీటికాకి కాలికో, కొంగ ముక్కుకో చుట్టుకొన్నచో పక్షి ఆకలితో చచ్చును. మూరెడు దారము జేబులో పెట్టుకొని యింటికి తెచ్చుట కష్టమా? పిల్లవాని చొక్కా ఉతుకునప్పుడు జేబు చూచినచో మీకే తెలియును, వాడు తెచ్చెనో లేదో.

పట్టి విడుచుటకును ఒక పద్ధతి యున్నది. చేపను ముట్టుటకు ముందు చేయి తడిపికొనవలెను. దాని యొంటిపై జిగురు కవచమువంటిది. పొడిచేతితో పట్టినచో ఆ జిగురు ఊడి రోగములు పట్టును. గాలమునకు వెనుకముల్లు లేకున్నచో, లేక ఆ ముల్లును పట్టకారుతో నొక్కివేసినచో, నోరు చీలక వెలికి వచ్చును. కొర్రమీను గాలి పీల్చగలదు గనుక కొంతసేపు ఓర్చుకొనును. రోహు, బొచ్చె ఓర్వవు. నడివేసవిలో నీరు వేడెక్కి, నీటిలోని ప్రాణవాయువు తగ్గియుండును గనుక అప్పుడు విడిచినను బ్రదుకుట సందేహము. ఛాయాచిత్రమునకై నాలుగు భంగిమలు పెట్టించువారు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

ఇంటిలో గాజుతొట్టి గలవారికి ఒక హెచ్చరిక. తొట్టి కడుగునని తెచ్చుకొన్న నల్లని మొరటు చేప పెరిగి పెద్దదైనప్పుడు, పాప మనుకొని చెఱువులో విడువకుడు. దక్షిణ అమెరికాలో పుట్టిన యా జాతి మన నీటిలో వ్యాపించి, మన చేపల తిండి తినుచు, వలలు చింపుచున్నది. జాలరులు దానిని దయ్యపుచేప యందురు.

ఇక నగరములోని చెఱువులలో పట్టినదానిని ఎవరైన ప్రేమతో తెచ్చి వంటింట పెట్టినచో వండకుడు. మురుగు కలసిన నీటిలో పెరిగిన చేప శరీరమున సీసము మొదలగు లోహములు చేరియుండవచ్చును. ఉడికించినను అవి పోవు. గోలకొండకు మంచినీరిచ్చిన చెఱువు గూర్చి యీ మాట వ్రాయవలసి వచ్చుట నాకును కష్టముగానే యున్నది.

ఏ చెఱువున ఎవరికి హక్కు కలదో, ఎప్పుడు వేట నిలిపెదరో తెలిసికొనుటకు జిల్లా చేపలశాఖ కార్యాలయమున నడుగవచ్చును. రాష్ట్రపు కార్యాలయమైన మత్స్యభవనము మాసబ్‌టాంకు చేరువ శాంతినగరమున నున్నది. జూబిలీహిల్సునుండి పెద్దదూరము కాదు. మహమ్మదు కులీ కుతుబ్షా కుమార్తె హయాత్‌బక్షీ బేగమును ప్రజలు మాసాహెబా యని పిలిచెడివారు. ఆమె పేర నచ్చట ఒక చెఱువుండెడిది. ఇప్పుడు ఆ చెఱువు లేదు. కాని ఆటోవానికి దారి చెప్పవలెనన్నచో ఆ పేరే చెప్పవలెను.